ముప్ఫై నాలుగు కప్పుల మొహమాటం

రెండు వేల పదిహేడు చలికాలంలో మా ఇంట్లో ముగ్గురం రోజూ పొద్దున్నే అబద్ధమాడేవాళ్ళం. ఒకే మనిషితో, ఒకే అబద్ధం. అందులో కుట్రలేం లేవు, అంతా మర్యాద కోసమే. మర్యాద కోసం ఆడే అబద్ధానికి పాపం అంటదని మావాళ్ళ నమ్మకం. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే మనిషినే అయినా, ఆ ఒక్క విషయంలో పది ఆజ్ఞల కంటే మా ఊరి పద్ధతినే ఎక్కువ పాటించాను.

మేం అబద్ధమాడిన మనిషి పేరు చిసోమో. ఇరవై ఆరేళ్ళ పిల్ల, మలావీ దేశం నుంచి వచ్చింది. ఆక్లాండ్ సిటీలో ఒక సంస్థవాళ్ళు ఆ ఏడాది ఆఫ్రికా దేశాల నుంచి పన్నెండు మంది యువతీయువకులను ఎంచి పిలిపించారు. పన్నెండు వారాలు ఇక్కడ ఉంచుకుని, సొంతంగా ఒక స్టార్టప్ మొదలుపెట్టడం ఎలాగో, పదిమందిని వెంటేసుకుని నడవడం ఎలాగో నేర్పుతారు. ఆఖరి శుక్రవారం అందరూ ఒక ప్యానెల్ ముందు నిలబడి తమ పని గురించి చెప్పాలి. వాళ్ళలో ముగ్గురికి ఏడాది పాటు యంత్రాలూ, మనుషుల సాయమూ అందుతాయి. మిగిలిన తొమ్మిది మందికి సర్టిఫికెట్టూ తిరుగు టికెట్టూ.

వాళ్ళు ఉండటానికి ఇళ్ళు కావాలని మా రెస్ట్ హోమ్ నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. పాపకూర అనే శివారు పేటలో, ముసలివాళ్ళుండే ఆ రెస్ట్ హోమ్‌లో నేను కేర్‌గివర్‌ని, అప్పటికి తొమ్మిదేళ్ళ సర్వీసు. టకానినిలో మేం కొత్తగా కొనుక్కున్న ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంది. ఫోన్ చేస్తే మలావీ అమ్మాయి అన్నారు. ఆలోచించి చెబుతానన్నాను. ఏం ఆలోచించాలో నాకూ తెలుసు, మీకూ తెలుసు. ఆ సాయంత్రం మా ఆయన ఆదాము డ్యూటీ నుంచి వచ్చాక, "చర్చిలో వాళ్ళేమనుకుంటారో ఏంటో" అని నసిగాను. ఆయన సిటీ బస్సు నడుపుతాడు.

షూ లేసులు విప్పుకుంటూ, తల ఎత్తకుండానే చెప్పాడు. "మా తాతకి హోటల్లో టీ వేరే గ్లాసులో పోసేవాళ్ళు గ్రేసూ. మనింట్లో గ్లాసులన్నీ ఒకటే. రమ్మని చెప్పు."

నాకు సిగ్గేసింది. అప్పుడే ఫోన్ చేశాను.

జూన్ మొదటి వారంలో, అంటే ఇక్కడ చలికాలం మొదట్లో, సన్నగా వాన పడుతుండగా దిగింది. పొడుగు మనిషి, ఎర్ర స్వెట్టరు. చేతిలో ఒక్కటే సూట్‌కేసు. తను తయారుచేసే పిండి ఐదు కిలోలు తెచ్చుకుంటే ఎయిర్‌పోర్టులో ఆపేసి ఉంచేసుకున్నారట. ఆ బాధలోనే గుమ్మం దగ్గర రెండు చేతులూ కలిపి, కొంచెం వంగి, "అమాయీ" అంది.

నా వెనకాల ఆదాము నవ్వు ఆపుకోలేకపోయాడు. "వింటున్నావా? నలభై ఎనిమిదేళ్ళొచ్చాక నిన్ను అమ్మాయి అని పిలిచే మనిషి దొరికింది."

వాళ్ళ భాషలో అమాయి అంటే అమ్మ అట. చిసోమో అంటే కృప, గ్రేస్. అంటే నా పేరే. మా పదిహేనేళ్ళ కూతురు లవ్లీ ఆ రెండూ విని, "ఓకే, దిస్ ఈజ్ ఫేట్" అని తన హీటర్ తెచ్చి చిసోమో గదిలో పెట్టింది. మేం నలుగురం మాట్లాడుకున్నది ఇంగ్లీషులోనే. నాకు గుర్తున్నది మాత్రం తెలుగులో, కాబట్టి అలాగే చెబుతాను.

చిసోమో వాళ్ళ ఊరు కసుంగు దగ్గర. అక్కడ స్కూల్లో టీచరుగా చేసి, ఆ ఉద్యోగం మానేసి, తన దగ్గర చదువుకున్న ఎనిమిది మంది అమ్మాయిలతో ఒక చిన్న గదిలో పని మొదలుపెట్టింది. పాలు మాన్పించే వయసు పిల్లల కోసం మొక్కజొన్న, సోయా, వేరుశనగ కలిపి పిండి పట్టి ప్యాకెట్లు కడతారు. దాన్ని జావలా కాచి పెట్టాలి. వాళ్ళు ఫాలా అంటారు. ఆ చుట్టుపక్కల పిల్లలు బలం లేక ఎలా ఉంటారో చెప్పేటప్పుడు తన గొంతు మారిపోయేది. రెండు వందల పదకొండు మంది తల్లుల దగ్గరికి వెళ్ళి అడిగిందట. అందరూ బాగుందన్నారు, అందరూ కొంటామన్నారు. ఆ లెక్క నోటుపుస్తకం మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాసుకుంది.

ఎయిర్‌పోర్టులో పోయిన పిండి బదులు పాపకూర ఇండియన్ షాపులో సరుకులు కొనుక్కొచ్చి, నా మిక్సీలో పట్టి, మర్నాడే ఫాలా కాచింది. మా ముగ్గురి ముందూ గిన్నెలు పెట్టి, పక్కన నోటుపుస్తకం తెరిచి, పెన్ను పట్టుకుని నిలబడింది.

"ఎలా ఉంది అమాయీ?"

నోట్లో పెట్టుకోగానే సోయా పచ్చివాసన ముక్కుకెక్కింది. రెండో చెంచా మింగడానికి దేవుణ్ణి తలుచుకున్నాను. తల ఊపి, "చాలా బాగుంది" అన్నాను. ఆదాము, "బ్రేక్‌లో తింటా, ఫ్లాస్కులో పొయ్యి" అన్నాడు. లవ్లీ, "సో యమ్" అంది. ఇక్కడే పెరిగిన పిల్ల, దేనికైనా కుండ బద్దలు కొట్టినట్టు మాట్లాడుతుంది. ఆ పొద్దున మాత్రం అచ్చంగా మా రక్తమే అనిపించుకుంది. చిసోమో మూడు టిక్కులు పెట్టుకుని, టకానిని స్టేషన్లో రైలెక్కి సిటీకి వెళ్ళిపోయింది. నేను వేడినీళ్ళ కుళాయి విప్పి, నా గిన్నె సింకులో పోశాను.

అది ఒక్క రోజుతో పోలేదు. పాపం ఆ పిల్ల పాళ్ళు మార్చి మార్చి రోజూ కాచేది. మేం రోజూ బాగుందనేవాళ్ళం. నిన్నటికంటే బాగుందని కూడా నేను ఒకసారి అన్నాను. ఆ రోజు పెన్నుతో దాని కింద గీత గీసుకుంది.

ఏడో వారంలో వాళ్ళ క్లాసులో చెప్పారట, ఇంటివాళ్ళు చాలరు, ముక్కూ మొహం తెలియనివాళ్ళ చేత తినిపించి అడగమని. మా తెలుగు ఫెలోషిప్ ఆదివారం మధ్యాహ్నాలు పాపకూరలో అద్దెకి తీసుకున్న హాల్లో జరుగుతుంది. ఆరాధన అయ్యాక టీ బదులు ఫాలా ఇద్దామని నేనే అన్నాను. తెల్ల కాగితం కప్పులు ముప్ఫై నాలుగు. చిసోమో పసుపురంగు కాగితాలు పట్టుకుని వరసగా ఒక్కొక్కళ్ళ దగ్గరికీ వెళ్ళింది.

మావాళ్ళ సంగతి చెప్పాలా. అతిథిగా వచ్చిన పిల్ల, చేతులు జోడించి మరీ ఇస్తోంది. "ఎక్సలెంట్ అమ్మా." "మా చిన్నప్పుడు ఇట్లాంటిదే తాగేవాళ్ళం." "ఇక్కడ కూడా అమ్ము, ఫస్ట్ కస్టమర్ నేనే." అందరికంటే పెద్దాయన, శివుడి పేరుతోనే బాప్తిస్మం పుచ్చుకున్న ఈశ్వరరావు అంకుల్, ఇంకో అడుగు ముందుకేసి, "ఇంకాస్త పొయ్యమ్మా" అని కప్పు చాపాడు. చిసోమో మొహం వెలిగిపోయింది. ముప్ఫై నాలుగు కాగితాల మీదా ముప్ఫై నాలుగు అవునులు.

అందరూ వెళ్ళాక హాలు సర్దడం నా వంతు. కప్పులు ఎక్కడెక్కడో దొరికాయి. కుర్చీల కింద, పియానో వెనక, హిమ్ బుక్స్ అలమరాలో. మా రెస్ట్ హోమ్‌లో ఒక పద్ధతి ఉంది. భోజనాలయ్యాక ప్లేట్లు తీసేటప్పుడు ఎవరు ఎంత తిన్నారో చూసి చార్టులో రాయాలి. అంతా, సగం, పావు, ఏమీ లేదు. తొమ్మిదేళ్ళుగా చేస్తున్న పని కాబట్టి చెత్తబుట్టలో వేసే ముందు ప్రతి కప్పులోకీ నా కళ్ళు వాటంతట అవే వెళ్ళాయి. ముప్ఫై నాలుగులో అడుగు కనిపించినవి రెండే రెండు. ఒకటి నాది, దాన్ని సింకులో పోసింది నేనే. రెండోదాని సంగతి కిటికీ దగ్గరున్న పూలకుండీకి తెలుసు. ఈశ్వరరావు అంకుల్ కప్పు నిండుగా ఉంది, పైన మీగడ కట్టి.

చెత్తసంచీ మూతి గట్టిగా ముడేసి, కారు దగ్గరికి వెళ్ళాను. చిసోమో ముందు సీట్లో కూర్చుని కాగితాలు మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టుకుంటోంది. నేనేం చెప్పలేదు.

ఆ సాయంత్రం ఆరింటికి, అంటే అక్కడ పొద్దున ఎనిమిదింటికి, వాళ్ళ అమ్మాయిలకి వాట్సాప్‌లో వీడియో కాల్ చేసి ఈ సంగతి చెప్పింది. వాళ్ళు ఎనిమిది మందీ ఒక్కసారే పాట అందుకున్నారు. నా వంటగది అంతా ఆ పాటే. అందరిలోకీ చిన్నది, పద్ధెనిమిదేళ్ళ తమాండా, ఫోన్‌లోకి మొహం పెట్టి నాకు చెయ్యి ఊపింది. పాట అయ్యాక చిసోమో కళ్ళు తుడుచుకుని, "వాళ్ళని ఆగస్టు దాకా ఆగమన్నాను అమాయీ" అంది.

"ఆగస్టు దాటితే?"

"సెప్టెంబరులో ఎస్టేట్ల లారీలు వస్తాయి, కొత్త పంట పనికి మనుషుల కోసం. పొగాకు తోటలు. ఒకసారి ఎక్కితే ఏడాదంతా అక్కడే. మేం కుదురుకోకపోతే ఆ ఎనిమిది మందీ లారీ ఎక్కుతారు. తమాండా వాళ్ళ అక్క ఎక్కింది, ఇప్పుడు ఎప్పుడూ దగ్గుతూనే ఉంటుంది."

పొగాకు అనే మాట వినగానే నా చేతిలో గరిటె ఆగిపోయింది. మాది ఒంగోలు వైపు. మా అమ్మ సుశీలమ్మ పదకొండేళ్ళు పొగాకు కంపెనీలో ఆకు గ్రేడింగ్ చేసింది. ఆమె కొంగులో ఆ ఘాటు ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు. ఆ దగ్గు నేను పుట్టినప్పటి నుంచీ విన్నాను, అది ఆగిన రోజున కూడా పక్కనే ఉన్నాను. చిసోమోకి ఈ కథంతా చెప్పాను. చెప్పాల్సిన ఆ ఒక్క మాటా మాత్రం చెప్పలేదు.

తర్వాత రెండు వారాలు నాకు తిన్నది ఒంటబట్టలేదు. ఒక మధ్యాహ్నం డ్యూటీలో డోరీన్ అనే పెద్దావిడ ప్లేటు తీస్తున్నాను. తొంభై దాటిన మనిషి. ఎలా ఉంది భోజనం అంటే, "లవ్లీ, డియర్" అంది ఎప్పటిలాగే, చాలా బాగుందన్నట్టు. ప్లేటులో గుమ్మడికాయ ముద్ద పెట్టింది పెట్టినట్టే ఉంది. నేను నవ్వి, చార్టులో 'పావు' అని రాశాను. రాసి, పెన్ను అలాగే పట్టుకుని నిలబడిపోయాను. డోరీన్ మాట నమ్మి 'అంతా తిన్నారు' అని రాస్తే వారంలో ఆవిడ మంచాన పడుతుంది. జీతం తీసుకుని డోరీన్‌కి చేస్తున్న న్యాయం, అమాయీ అని పిలిచే పిల్లకి చేయడం లేదు కదా అనిపించింది.

శనివారం పొద్దున ఎప్పటిలాగే నా ముందు గిన్నె పెట్టింది. ఆదాము డ్యూటీకి వెళ్ళాడు, లవ్లీ నిద్ర లేవలేదు. రెండు చెంచాలు తిని, గిన్నె తన వైపు జరిపాను.

"అయిపోయిందా అమాయీ?"

"లేదు. ఇంతే తినగలను."

గిన్నెలోకి చూసింది, నన్ను చూసింది. "ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. దీంట్లో పచ్చివాసన వస్తోంది."

"ఈ రోజేనా?"

"మొదటి రోజు నుంచీ."

పెన్ను మూత పెట్టింది. చాలా నెమ్మదిగా పెట్టింది. "చర్చిలో?"

"రెండు కప్పులు ఖాళీ అయ్యాయి. అందులో ఒకటి నేను సింకులో పోసింది."

ఆ పిల్ల అరవలేదు, ఏడవలేదు. కోటు వేసుకుని వానలోకి వెళ్ళిపోయింది. కిటికీలోంచి చూస్తుంటే కొత్తగా వేసిన రోడ్డు మీద, ఇంకా ఇళ్ళు కట్టని ప్లాట్ల మధ్య, ఆ ఎర్ర స్వెట్టరు కాలరు స్టేషన్ వైపు పోయింది. ఇంకా మూడు వారాలే ఉన్నాయని నాకు తెలుసు. ఆ పిల్ల కాళ్ళ కింద నేల నేనే లాగేశానేమోనని భయమేసింది. నాలో నేను తిట్టుకోని తిట్టు లేదు.

రెండు గంటల తర్వాత తడిసి ముద్దయి వచ్చింది. తువ్వాలు ఇస్తే తీసుకుంది. కుర్చీలో కూర్చుని, నన్ను కాదు, గోడని అడిగినట్టు అడిగింది. "ఎందుకు అబద్ధం చెప్పారు? నేనంటే ఇష్టం లేకనా?"

"ఇష్టం ఉండబట్టే. దాన్ని మేం మొహమాటం అంటాం."

"ఏమంటారు?"

విడమరిచి చెప్పడానికి చాలా తంటాలు పడ్డాను. సిగ్గు కాదు, భయం కాదు, పూర్తిగా మర్యాదా కాదు. ఎదుటి మనిషి మొహం చూసి నోట్లోంచి కాదనే మాట రాకపోవడం. చిసోమో తన నోటుపుస్తకం మొదటి పేజీ తెరిచి, ఆ రెండు వందల పదకొండు మీద వేలు పెట్టింది.

"నేను వాళ్ళ పిల్లల టీచర్ని. ఇంటికి వెళ్ళి, బాగుందా అని అడిగాను. టీచరు మొహం మీద బాగాలేదని ఎవరంటారు? మా దగ్గర ఇది ఎంత ఉందంటే, ఎవరూ దానికి పేరు పెట్టలేదు. మీకు పేరుంది. పేరుండి కూడా మీరు నాకు చెప్పలేదు."

ఆ మాట గుచ్చుకుంది. దిక్కు తోచక, "మా అమ్మ ఒక సామెత చెప్పేది" అన్నాను.

"ఏం సామెత?"

చెప్పక తప్పలేదు. "మొహమాటానికి పోతే కడుపొచ్చిందట." ఇంగ్లీషులోకి మార్చి చెప్పాక ఒక్క క్షణం నన్ను తేరిపార చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వింది. ఆ చప్పుడుకి లవ్లీ లేచి వచ్చి, సంగతి తెలుసుకుని, "థాంక్ గాడ్" అని సోఫాలో కూలబడింది. "నాది రోజూ పక్కింటి కుక్కకి వేశా. అది కూడా ఫస్ట్ వీక్ తర్వాత మానేసింది."

సాయంత్రం ఆదాము వచ్చాక ఆయన ఫ్లాస్కు సంగతీ బయటపడింది. డిపో వెనక గడ్డికి ఆ చలికాలమంతా మంచి బలం అందింది. నిజం చెప్పే ఊపులో ఆయన ఇంకొకటి కూడా కలిపాడు. "నీ పులిహోరలో పులుపెక్కువ గ్రేసూ. పెళ్ళైన కాడ్నుంచీ చెబుదామనుకుంటున్నా." ఇరవై రెండేళ్ళు. నేను వారం రోజులు ఆయనతో సరిగా మాట్లాడలేదు. తర్వాత చింతపండు తగ్గించాను.

ఆ సోమవారం నుంచి చిసోమో పద్ధతి మార్చింది. ఫోన్లో తన అమ్మాయిలకి చెప్పింది, ఇక ఎవరినీ ఏమీ అడగొద్దని. నలభై ఇళ్ళలో పొద్దున ఫాలా ఇచ్చి, మాటామంతీ లేకుండా వచ్చేసి, మధ్యాహ్నం వెళ్ళి కప్పులు మాత్రం వెనక్కి తెచ్చుకోమంది. తెచ్చి, నేను చెప్పినట్టు, అంతా, సగం, పావు, ఏమీ లేదు అని రాయమంది. మూడో రోజు లెక్క వచ్చింది. నలభైలో ఆరు ఖాళీ. ఫోన్లో అవతల పాటల్లేవు. అప్పుడు తమాండా ఒక్కతే అంది, "ఇది నాకు ముందే తెలుసు టీచర్. మా చెల్లి తినేది కాదు. మీకు చెప్పలేకపోయాను."

"ఇప్పుడు చెప్పావుగా" అంది చిసోమో.

నన్ను అడిగితే మా ఇళ్ళలో పసిపిల్లలకి ఉగ్గు ఎలా చేస్తామో చెప్పాను. బియ్యమూ పెసరపప్పూ సన్నసెగ మీద దోరగా వేయించి, కమ్మటి వాసన వచ్చాక విసురుతాం. వేయించనిదే పచ్చివాసన పోదు. వాళ్ళు సోయా నానబెట్టి, ఎండలో ఆరబెట్టి పిండిమరకి వేస్తున్నారు, కట్టెలు కలిసొస్తాయని. ఒకరోజు సాయంత్రం ఫోన్ మసాలా డబ్బాకి ఆనించి, నేనూ చిసోమో ఇక్కడ బాణలిలో, వాళ్ళు అక్కడ రేకు మూకుట్లో, ఒకేసారి సోయా వేయించడం మొదలుపెట్టాం.

"ఎంతసేపు అమాయీ?" అని తమాండా అడిగింది.

"గడియారం చూడకు. వాసన చెబుతుంది."

వాసన కంటే ముందు మా స్మోక్ అలారం చెప్పింది. లవ్లీ కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసురుతుంటే, అవతల ఎనిమిది మందీ ఆ మోత విని పడీ పడీ నవ్వారు. ఆ గోలలోనే తమాండా ఏదో గబగబా చెప్పింది. చిసోమో అందరినీ ఆగమని, మళ్ళీ చెప్పమంది.

"మనం ఒక్క పొయ్యి మీద అందరి సోయా వేయిస్తే, అమ్మలకి కట్టెలు మిగులుతాయి. పచ్చిపిండి ఉడకాలంటే అరగంట మంట కావాలి. అంతసేపు ఎవరూ పెట్టరు, సగం ఉడకగానే దించేస్తారు. వేయించిన పిండైతే నీళ్ళు మరిగితే చాలు. బాగుందని కాదు, కట్టెలు మిగులుతాయని కొంటారు."

చిసోమో నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. ఆ మాటే తను అనబోయిందని నాకు తెలుసు, అప్పటికే నోటుపుస్తకంలో సగం రాసింది. పెన్ను పక్కన పెట్టి, "అయితే ఇక నుంచి పొయ్యి పని నీది. ఎవరు ఎప్పుడు వేయించాలో నువ్వే చెప్పు, నేను కాదు" అంది. అవతల తమాండా నిటారుగా కూర్చుంది. నాయకత్వం అంటే ఏంటని సిటీలో వాళ్ళు బోర్డు మీద ఏం రాసేవారో నాకు తెలియదు. నేను చూసింది మాత్రం ఆ మూసుకున్న నోరు.

ఆగస్టు ఆఖరి శుక్రవారం నేను సెలవు పెట్టాను. ఆదాము డ్యూటీ మార్చుకున్నాడు, లవ్లీ స్కూలు ఎగ్గొట్టింది. సిటీలో అద్దాల మేడ, ఆరో అంతస్తు. ఒక్కొక్కళ్ళూ పెద్ద తెర మీద గీతలూ అంకెలూ చూపించారు. అందరి గీతలూ పైపైకే పోతున్నాయి. చిసోమో వంతు వచ్చింది. తెర మీద ఒక్కటే అంకె, 211.

"ఇంతమంది తల్లులు నా పిండి బాగుందన్నారు. ఆక్లాండ్‌లో ఇంకో ముప్ఫై నాలుగు మంది అన్నారు. అందరూ అబద్ధమే చెప్పారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, నన్ను గౌరవించారు. నేనే తప్పు ప్రశ్న అడిగాను." ఆ అంకె మీద అడ్డంగా గీత పడింది. తర్వాత కప్పుల సంగతీ, తమాండా సంగతీ, కట్టెల సంగతీ పేరుపేరునా చెప్పింది. మొహమాటం అనే మాట ఆ అద్దాల మేడలో మొదటిసారి అప్పుడే వినిపించి ఉంటుంది.

ప్యానెల్‌లో ఒక పెద్దాయన అడిగాడు, "మీకు ఈ నిజం చెప్పిందెవరు?"

చిసోమో నా వైపు చూసింది. లవ్లీ మోచేత్తో పొడిచింది. తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో ఏ మీటింగులోనూ నోరు విప్పని దాన్ని, లేచి నిలబడ్డాను. "నేనే. రెండు నెలలు ఆలస్యంగా" అన్నాను. హాలంతా నవ్వింది. ఆ పెద్దాయన నవ్వలేదు, ఏదో రాసుకున్నాడు.

అరగంట తర్వాత ముగ్గురి పేర్లు చదివారు. అందులో చిసోమో లేదు.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అనవసరంగా నిజం చెప్పించానా, ఆ రెండు వందల పదకొండునే చూపించి ఉంటే ఇచ్చేవాళ్ళేమో అనుకున్నాను. ఆ ముగ్గురికీ చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టింది ఆ పిల్ల. తిరుగు రైల్లో నలుగురం ఎదురెదురు సీట్లలో కూర్చున్నాం. పెన్‌రోజ్ దాటాక తన ఫోన్ మోగింది. తమాండా ఫోటో పంపింది. చాప మీద నలభై కప్పులు, వరసగా, కడగనివి, పైనుంచి తీసిన ఫోటో. నిన్నటివి, వేయించిన పిండివి. కింద ఒక్క మాట కూడా రాయలేదు.

ఆదాము కళ్ళద్దాలు పెట్టుకుని, ఫోన్ తీసుకుని, వేలుతో ఒక్కొక్కటీ చూపిస్తూ తెలుగులో పైకి లెక్కపెట్టాడు. పక్కనున్న కివీలు చూస్తున్నా ఆపలేదు. "ముప్ఫై ఒకటి. ముప్ఫై రెండు. ముప్ఫై మూడింటికి అడుగు కనిపిస్తోంది గ్రేసూ. నాకి మరీ తిన్నారు." అప్పుడు ఏడ్చింది చిసోమో. నా భుజం మీద తల పెట్టి, టకానిని వచ్చేదాకా ఏడ్చింది. అంత గర్వం నాకు నా ఇల్లు కొనుక్కున్న రోజున కూడా కలగలేదు.

సెప్టెంబరు రెండో వారంలో, ఊరు చేరిన చిసోమో నుంచి మెసేజ్ వచ్చింది. "లారీ వచ్చింది అమాయీ. మా వీధిలో అరగంట ఆగింది. మా ఎనిమిది మందిలో ఒక్కరూ బయటికి రాలేదు. పొయ్యి మీద బాణలి ఉంది."

ఆ నెలలోనే మా రెస్ట్ హోమ్ స్టాఫ్ మీటింగులో, అంతా ఓకేనా అని మేనేజర్ అడిగితే చెయ్యెత్తాను. రాత్రి భోజనం నాలుగున్నరకే పెడుతున్నామనీ, ఆకలి లేక సగం ప్లేట్లు వెనక్కి వస్తున్నాయనీ, తొమ్మిదేళ్ళ చార్టులు అదే చెబుతున్నాయనీ అన్నాను. ఇప్పుడు ఐదున్నరకి పెడుతున్నారు. కొత్తగా చేరే కేర్‌గివర్లకి ట్రైనింగ్ నేనే ఇస్తున్నాను.

రెండేళ్ళ తర్వాత, అలాంటి చలికాలమే, తమాండా నుంచి ఒక వీడియో వచ్చింది. అప్పటికి వాళ్ళు ఎనిమిది మంది కాదు, ఇరవై ముగ్గురు. చిసోమో పక్క జిల్లాలో రెండో గది తెరిచే పనిలో ఉందట, ఇక్కడంతా తమాండాయే చూసుకుంటోంది. కొత్తగా చేరిన అమ్మాయిలు నేల మీద కూర్చుని ఉన్నారు. తమాండా వాళ్ళ ముందు నిలబడి, చేతిలో ఖాళీ కప్పు పట్టుకుని, వాళ్ళ భాషలో ఏదో గట్టిగా చెబుతోంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఉన్నట్టుండి ఒక మాట మాత్రం చెవిన పడింది. కప్పు వాళ్ళ వైపు వంచి, అడుగు చూపిస్తూ, "మోమాటా?" అంది. వాళ్ళంతా ఒక్కసారిగా కాదన్నట్టు తలలు అడ్డంగా ఊపారు.

వెంటనే ఫోన్ చేశాను. "విన్నారా అమాయీ?" అంది ఆత్రంగా. "సరిగ్గా పలికానా?"

చాలా బాగా పలికావు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"లేదు" అన్నాను. "మధ్యలో 'హ' పోయింది. మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పింది.